మధ్యాహ్నం మూడయ్యేసరికి మెడలోంచి కంటి దాకా పాకే తలనొప్పి

ప్రశ్న: దిద్దుబాటు

అందరికీ నమస్కారం. నేను పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. 22 ఏళ్ళుగా ఇదే పని. ఇదివరకు కాగితం మీద, ఇప్పుడు కంప్యూటర్ మీద. నా వయసు 47.

ఆరు నెలలుగా ఒక తలనొప్పి నన్ను వదలడం లేదు. పొద్దున లేచేసరికి ఏమీ ఉండదు. పదకొండింటికి కుడివైపు మెడ బిగుసుకోవడం మొదలవుతుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి అది పుర్రె అడుగు నుంచి చెవి వెనకగా పైకెక్కి, సరిగ్గా కుడి కంటి వెనక వచ్చి కూర్చుంటుంది. ఎవరో లోపలి నుంచి బొటనవేలితో కన్ను నొక్కుతున్నట్టు ఉంటుంది. ఎప్పుడూ కుడివైపే. వాంతి రాదు, వెలుతురు చూస్తే ఇబ్బంది లేదు. మెడ వెనక పుర్రె ఎముక అంచు కింద చిన్న గుంటలా ఉంటుంది కదా, అక్కడ కుడివైపు నొక్కితే పోటు మెడలో రాదు, కంట్లో వస్తుంది. ఇది నాకు ఎంతకీ అర్థం కావడం లేదు.

డాక్టర్‌కి చూపించాను. బీపీ చూశారు, చేతుల్లో బలం చూశారు, కంట్లో లైటు వేసి చూశారు. ప్రమాదం ఏమీ లేదు, మెడ కండరాలు బిగుసుకుని వచ్చే నొప్పి అన్నారు. మాత్ర వేసుకుంటే రెండు మూడు గంటలు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. పోయిన నెల క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. 17 రోజులు మాత్ర వేసుకున్నాను. ఆ అంకె చూసి భయం వేసి ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పటిదాకా చేసినవి: వీడియోలు చూసి తల గుండ్రంగా తిప్పే వ్యాయామం వారం రోజులు చేశాను. కళ్ళు తిరిగాయి, మర్నాటికి నొప్పి ఇంకా ఎక్కువైంది. స్క్రీన్ కంటి ఎత్తులో ఉండాలని చదివి, రెండు నెలల కిందట మానిటర్ కింద లావుపాటి నిఘంటువులు నాలుగు పెట్టి ఎత్తు పెంచాను. దిండు మార్చాను. కళ్ళజోడు ఎనిమిది నెలల కిందే కొత్తది తీసుకున్నాను, ప్రోగ్రెసివ్ లెన్స్. కాబట్టి చూపు వల్ల కాదనుకుంటున్నాను.

నొప్పి వచ్చాక మాత్ర లేకుండా దించుకోవడం ఎలా? అసలు రాకుండా ఏం చేయాలి? పని తగ్గించుకోమని మాత్రం చెప్పకండి. ఒత్తు ఎక్కడ జారిందో, దీర్ఘం ఎక్కడ ఎగిరిపోయిందో పట్టుకోవడం నాకు చాలా ఇష్టమైన పని.

జవాబు: వానచినుకు

అక్కా, నాకు పరీక్షల రోజుల్లో ఇలాగే వచ్చేది. నాకు పనిచేసింది వేడి కాపడం. టవల్ వేడినీళ్ళలో ముంచి బాగా పిండి, మెడ మీద, భుజాల మీద కప్పుకుని పావుగంట పడుకునేదాన్ని. చల్లారగానే మళ్ళీ ముంచాలి. నొప్పి పూర్తిగా కంటి దాకా వచ్చాక చేస్తే పెద్దగా లాభం ఉండేది కాదు. మెడ బిగుస్తోందని తెలిసిన మొదటి గంటలోనే చేస్తే చాలాసార్లు అక్కడే ఆగిపోయేది. మీకు పదకొండింటికి మొదలవుతుందన్నారు కాబట్టి పదకొండింటికే చేసి చూడండి, మూడింటి దాకా ఆగకండి.

జవాబు: మెడలువైద్యం

దిద్దుబాటు గారూ, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, 19 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. రెండోసారి రెండు మాటల దగ్గర ఆగిపోయాను: ప్రోగ్రెసివ్ లెన్స్, నాలుగు నిఘంటువులు. ముందు వాటి సంగతి చెబుతాను, వ్యాయామాలు తర్వాత.

ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగం దూరపు చూపుకి, అడుగుభాగం చదువుకోవడానికి. కంప్యూటర్ ఉండే దూరానికి పనికొచ్చే భాగం ఆ రెంటికీ మధ్య సన్నటి పట్టీలా ఉంటుంది. మానిటర్ కంటి ఎత్తులో ఉంటే అక్షరాలు దూరపు చూపు భాగంలో పడతాయి, మసకగా కనిపిస్తాయి. అప్పుడు మనకు తెలియకుండానే గడ్డం పైకెత్తి, ముఖం ముందుకు చాచి, అద్దం అడుగుభాగం లోంచి చూస్తాం. ఒత్తులు, దీర్ఘాలు వెతికే పనిలో ఇంకా ఎక్కువ చేస్తాం. స్క్రీన్ ఎత్తు పెంచమనే సలహా మామూలు కళ్ళజోడు ఉన్నవాళ్ళకి మంచిదే. మీ జోడుకి మాత్రం అది నొప్పిని పెంచే సలహా.

ఇది నిజమో కాదో ఇప్పుడే చూసుకోవచ్చు. మీరు పనిచేసే కుర్చీలో కూర్చుని, రెండు చేతుల వేళ్ళూ మెడ వెనక పుర్రె అంచు కింద ఆనించండి. ముందు కిటికీలోంచి దూరంగా ఉన్నదేదైనా చూడండి. తర్వాత స్క్రీన్ మీద చిన్న అక్షరాలున్న పేజీ తెరిచి ఒక పేరా చదవండి. చదివేటప్పుడు మీ వేళ్ళు పుర్రెకీ మెడకీ మధ్య నలుగుతున్నట్టు అనిపిస్తే, రోజంతా మీ మెడ ఆ మడతలోనే ఉంటోందన్నమాట. పక్క నుంచి ఎవరిచేతైనా ఫోటో తీయించుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. పోజు పెట్టకుండా, మీరు పనిలో ఉండగా తీయమనండి.

ఇక మెడ నొక్కితే కంట్లో ఎందుకు పోటు వస్తుందో చెబుతాను. పుర్రెకీ మెడలోని మొదటి రెండు పూసలకీ మధ్య పక్కకి నాలుగు చొప్పున చిన్న కండరాలు ఉంటాయి. సుమారు 5 కిలోల తలని చూపుకి తగ్గట్టు సన్నసన్నగా సర్దేవి అవే. అవి ఎంత చురుకైనవంటే, వేళ్ళు అక్కడే ఉంచి, తల కదపకుండా కళ్ళు మాత్రం కుడికీ ఎడమకీ తిప్పి చూడండి, వేళ్ళ కింద సన్నటి కదలిక తెలుస్తుంది. ఆ చోటు నుంచి నొప్పి కబురు మోసేవి మెడలోని పై మూడు నరాలు. నుదురు, కన్ను, కణతల నుంచి కబురు మోసేది ట్రైజెమినల్ అనే నరం. ఈ రెండూ వెన్నుపాము పైకొసన ఒకే చోట కలుస్తాయి. అందుకే మెడలో పుట్టిన నొప్పిని మెదడు కంట్లో నొప్పిగా పోల్చుకుంటుంది. కన్ను బాగానే ఉందన్న మీ డాక్టర్ మాట నిజమే, కంట్లో నొప్పి ఉందన్న మీ మాటా నిజమే. ఇలా మెడలోంచి వచ్చేదాన్ని సర్వైకోజెనిక్ తలనొప్పి అంటారు. ఎప్పుడూ ఒకే వైపు రావడం, మెడ నొక్కితే అదే నొప్పి రావడం దానికి గుర్తులు. మిమ్మల్ని చూడకుండా ఇది అదేనని నేను ఖాయంగా చెప్పలేను. దగ్గరలో ఉన్న ఫిజియోథెరపిస్ట్ ఒక్కసారి మీ మెడ తిప్పి చూస్తే తేలిపోతుంది.

నొప్పి వచ్చినప్పుడు: రెండు టెన్నిస్ బంతులు ఒక మేజోడులో వేసి, ఒకదానికొకటి ఆనుకునేలా ముడి వేయండి. వెల్లకిలా పడుకుని వాటిని పుర్రె అంచు కింద పెట్టుకోండి. మెడ మధ్యలో ఎముక మీద కాదు, దానికి అటూ ఇటూ ఉండే మెత్తటి చోట. తల బరువు వాటి మీద వదిలేసి, ఊపిరి నిదానంగా వదులుతూ అయిదు నిమిషాలు ఉండండి. అదమక్కర్లేదు, రుద్దక్కర్లేదు. కళ్ళు తిరిగినట్టయితే తీసేయండి. వానచినుకు గారు చెప్పిన కాపడం దీనికి ముందు పెడితే ఇంకా మంచిది.

రాకుండా ఉండడానికి సాగదీసే వ్యాయామాలే సరిపోవు. మెడ వెనక కండరాలు బిగుసుకునేది చాలాసార్లు ముందువైపు లోపలి కండరాలు పని మానేయడం వల్లే. వాటిని నిద్రలేపే వ్యాయామం చూడడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, అందుకే చాలామంది నాలుగు రోజులకే మానేస్తారు. దయచేసి మీరు మానకండి.

పలచటి దిండు మీద వెల్లకిలా పడుకోండి. ఎవరో అడిగినదానికి ‘ఊఁ’ అంటూ తల ఊపినంత, అంతే, గడ్డం కిందికి దించండి. తల దిండు మీంచి లేవకూడదు. తల వెనక భాగం దిండు మీద పైకి అర అంగుళం జారినట్టు తెలియాలి. ఒక చేతి వేళ్ళు గొంతుకి రెండు పక్కలా పెట్టుకోండి. చెవి వెనక నుంచి కాలర్ ఎముక దాకా దిగే పెద్ద కండరాలు అక్కడ తగులుతాయి. అవి తాళ్ళలా బిగిశాయంటే మీరు బలం ఎక్కువ పెడుతున్నారు, సగానికి తగ్గించండి. అవి మెత్తగా ఉండగానే ఊపు అందితే సరైన కండరం పనిచేస్తోందన్నమాట. అలా 5 నుంచి 10 సెకన్లు ఆపి వదలండి. పదిసార్లు, రోజుకి రెండు పూటలు. మొదటి వారం గడ్డం వణుకుతుంది, కంగారు పడొద్దు. 2002లో ఆస్ట్రేలియాలో ఇలాంటి తలనొప్పి ఉన్న 200 మంది మీద జరిగిన పరీక్షలో, ఈ రకం తేలికపాటి వ్యాయామం ఆరు వారాలు చేసినవాళ్ళకి తగ్గిన నొప్పి ఏడాది తర్వాత కూడా తగ్గే ఉంది. నేను ఆరు వారాలు అని పట్టుబట్టేది అందుకే.

తల గుండ్రంగా తిప్పడం మానేయండి. వెనక్కి వాల్చి తిప్పినప్పుడు ఇప్పటికే నలిగి ఉన్న చోటే మళ్ళీ నలుగుతుంది.

చివరగా మాత్రలు. మామూలు నొప్పి మాత్రలే అయినా నెలకి 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ వాడకమే రోజూ తలనొప్పి తెప్పించవచ్చు. ఒకే బిళ్ళలో రెండు మూడు మందులు కలిపి ఉండే రకమైతే హద్దు నెలకి 10 రోజులే. మీరు 17లో ఉన్నారు. మీ డాక్టర్‌కి ఈ అంకె చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే చెప్పండి, తగ్గించే పద్ధతి ఆయన చెబుతారు. తగ్గించిన మొదటి వారం పది రోజులు నొప్పి ఎక్కువవుతుంది. ఆ సంగతి ముందే తెలిస్తే బెదిరిపోకుండా ఉంటారు.

జవాబు: సూదీదారం

అమ్మా, నేను దర్జీని. మీది పైకి చూసే మెడ, నాది కిందికి చూసే మెడ. నొప్పి మాత్రం అదే.

ముందు ఒక సంగతి చెప్పాలి. నాకు మెడ పట్టేసినప్పుడు తెలిసినాయన ఒకరు ‘ఒక్కసారి విరిస్తే పోతుంది’ అని గడ్డం పట్టుకుని టక్కున తిప్పారు. చప్పుడైతే వచ్చింది. ఆ పూట హాయిగా ఉంది. మర్నాటి నుంచి రెండు వారాలు కళ్ళు తిరిగి మిషన్ ముందు కూర్చోలేకపోయాను. మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళాలు ఆ పూసల్లోంచే పోతాయని, అలాంటి విరుపుతో వాటికి చీలిక పడే ప్రమాదం అరుదుగానైనా ఉంటుందని తర్వాత డాక్టర్ చెప్పారు. నా అదృష్టం బాగుంది. మీరు మాత్రం ఎవరికీ మెడ ఇవ్వకండి.

నాకు పనికొచ్చినవి రెండు. బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారీ లేచి నిలబడతాను. అంతకు ముందు కూర్చునే బాబిన్ మార్చేవాణ్ణి, ఇప్పుడు లేచి, రెండడుగులు వేసి, భుజాలు చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదిలేసి, అప్పుడు మారుస్తాను. నాకది అరగంటకో ముప్పావుగంటకో వస్తుంది. ఫోన్‌లో అలారం పెట్టుకుంటే చిరాకేసి ఆపేసేవాణ్ణి. పనిలోనే ఉండే గుర్తయితే ఆపలేం కదా. మీ పనిలో కూడా ఒక అధ్యాయమో, పది పేజీలో అలాంటిది ఏదో ఉంటుంది, దాన్ని పట్టుకోండి.

రెండోది పళ్ళు. నేను గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకునేవాణ్ణి, దారం పళ్ళతో కొరికేవాణ్ణి. దాంతో రోజంతా దవడ బిగిసే ఉండేది, సాయంత్రానికి కణతలు పోటెత్తేవి. ఇప్పుడు సూదులకి మణికట్టు మీద చిన్న దిండు కట్టుకున్నాను, దారానికి కత్తెర. పెదవులు కలిసి ఉన్నా పై పళ్ళూ కింది పళ్ళూ ఆనకూడదు, అదీ గుర్తు. మీరు తప్పులు వెతికేటప్పుడు పళ్ళు బిగిస్తారేమో ఒకసారి చూసుకోండి.

జవాబు: పాతనర్సు

అందరూ మంచి మాటలు చెప్పారు. ఇది చదివేవాళ్ళలో ఇంకో రకం నొప్పి ఉన్నవాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక్క సంగతి రాస్తాను. నిమిషంలోపే ఒక్కసారిగా భరించలేనంత స్థాయికి వెళ్ళిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, దెబ్బ తగిలాక లేదా మెడ విరిపించుకున్నాక కొత్తగా వచ్చిన నొప్పి, మాట ముద్దగా రావడం, ముఖం ఒకవైపు జారడం, చెయ్యి తిమ్మిరెక్కడం లేదా బలం తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం: వీటిలో ఏది ఉన్నా బంతులూ కాపడాలూ వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. 50 దాటినవాళ్ళకి కొత్తగా కణతల్లో నొప్పి వచ్చి, నమిలేటప్పుడు దవడ నొప్పి పుట్టినా, దువ్వెన తగిలితే మాడు నొప్పి పెట్టినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ఆలస్యం చేస్తే చూపు పోయే జబ్బు ఒకటి ఇలాగే మొదలవుతుంది. ‘మెడ పట్టిందిలే’ అని నాలుగు రోజులు ఆగి వచ్చినవాళ్ళని చూశాను. ఆ నాలుగు రోజులే వాళ్ళకి చాలా పెద్ద నష్టం చేశాయి.

ప్రశ్న అడిగినవారు: దిద్దుబాటు (ఏడు వారాల తర్వాత)

ముందే రాయనందుకు క్షమించండి. ఆరు వారాలు పూర్తిచేసి రాద్దామనుకున్నాను.

మెడలువైద్యం గారూ, మీ జవాబు చదివిన సాయంత్రమే మా అమ్మాయి చేత ఫోటో తీయించాను. నేను పనిలో మునిగిపోయి ఉన్నాను, ఎప్పుడు తీసిందో కూడా తెలియలేదు. చూస్తే గడ్డం మానిటర్ వైపు చాచి, తల వెనక్కి వాలి, జుట్టు ముడి వీపుకి ఆనుతోంది. మెడ వెనక మూడు మడతలు. పక్క నుంచి నన్ను నేను అలా ఎప్పుడూ చూసుకోలేదు. అద్దంలో చూసుకునేటప్పుడు అందరం తిన్నగానే నిలబడతాం కదా. ఆ రాత్రే నిఘంటువులు నాలుగూ తీసి అరలో పెట్టేశాను. స్క్రీన్ కంటి ఎత్తుకి ఒక జానెడు కిందికి వచ్చింది, దాన్ని కొంచెం వెనక్కి వాల్చాను. నాలుగు రోజుల్లోనే పదకొండింటికి మొదలయ్యేది ఒంటిగంటకి మారింది. తర్వాత కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, నా కంటి నుంచి మానిటర్‌కి 62 సెంటీమీటర్లు అని కొలిచి చెప్పి, ఆ దూరానికే వేరే జోడు రాయించుకున్నాను. అద్దమంతా ఒకే పవరు. ఆ జోడు బల్ల దాటి ఎక్కడికీ రాదు.

మాత్రల సంగతి డాక్టర్‌కి చెప్పాను. ఆయనకి నేను 17 అని ఎప్పుడూ చెప్పలేదు, ‘అప్పుడప్పుడు’ అన్నాను. ఒక్కసారిగా ఆపమన్నారు. మొదటి తొమ్మిది రోజులు చాలా కష్టపడ్డాను. ఆరో రోజు ఏడ్చేశాను కూడా. మీరు ముందే చెప్పకపోయి ఉంటే ఆ రోజు మళ్ళీ మాత్ర వేసేసుకునేదాన్ని. పదో రోజు పొద్దున లేచాక తల తేలిగ్గా అనిపించి, కాసేపు అలాగే మంచం మీద కూర్చున్నాను.

‘ఊఁ’ వ్యాయామం ఒక్క పూట కూడా మానలేదు. మొదట్లో మూడోసారికే గొంతు పక్కన తాళ్ళు బిగిసేవి. నాలుగో వారంలో పదిసార్లూ మెత్తగానే ఉన్నాయి. సూదీదారం గారూ, మీ బాబిన్ నాకు ఫారం అయింది. ఫారం అంటే ఒకేసారి అచ్చుకి వెళ్ళే పదహారు పేజీల కట్ట, అది దిద్దడం పూర్తికాగానే లేస్తున్నాను. పళ్ళ సంగతి కూడా మీరన్నదే నిజం, తప్పు దొరికిన ప్రతిసారీ పళ్ళు బిగిస్తున్నాను.

పోయిన నెల నొప్పి వచ్చింది నాలుగు రోజులు. మాత్ర ఒక్కసారి. మిగతా మూడుసార్లూ కాపడం, బంతులతో దిగిపోయింది.

ఒక్కటి మిగిలింది. నేను కుడివైపు తిరిగి పడుకుంటాను. ఎప్పుడైనా పొద్దున లేచేసరికి కుడి మెడ లాగుతూ ఉంటుంది. అటు పడుకోవడం మానేయాలా?

జవాబు: మెడలువైద్యం

చాలా సంతోషంగా ఉందండీ. ఆ తొమ్మిది రోజులు ఓర్చుకున్నందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి.

మానక్కర్లేదు. చెవికీ భుజం అంచుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో దిండు నొక్కుకున్నాక అంత ఎత్తు ఉండాలి. వెల్లకిలా పడుకునే పలచటి దిండు పక్కకి తిరిగితే చాలదు, తల కిందికి వాలిపోతుంది. ఒక టవల్ మడిచి దిండు గలీబు లోపల, అడుగున పెట్టి ఈ రాత్రి పడుకుని చూడండి. ముక్కు, గడ్డం, రొమ్ము మధ్య భాగం ఒకే గీతలో ఉన్నాయో లేదో అమ్మాయిని చూడమనండి. తక్కువైతే ఇంకో మడత వేయండి. భుజం మాత్రం దిండు మీద పెట్టకండి, దిండు తలకీ మెడకీ మాత్రమే. వారం తర్వాత ఎలా ఉందో రాయండి.